మా అత్త పక్కలో కళ్ళులేని పురుగు

దిగినాక 9వ రోజు

ఈ ఏడాది పన్నెండు రోజులు ముందుగానే దిగాం. ఫిబ్రవరి ఇంకా చేతిలో ఉండగానే మీద నలభై తొమ్మిది డిగ్రీలు కాసింది. ఇక ఎవరికోసం ఆగాలని ఊరు ఊరంతా మూటలు కట్టుకుని జొన్నగవిలోకి వచ్చి పడింది. మూడు వందల పన్నెండు మందిమి. తొలకరి పడేదాకా ఈ సున్నపురాతి గుహే, మా మాటలో గవే, మా ఇల్లు. మీద చేలను యంత్రాలు చూసుకుంటాయి. ఇక్కడ మమ్మల్ని మేమే చూసుకోవాలి, అదే కష్టం.

ఈ పుస్తకం రాయడం నా ఉద్యోగంలో భాగం. మనుషులు గవిలో కాపురం పెట్టాలంటే, అక్కడ లక్షల ఏళ్ళుగా కాపురం ఉన్న పురుగుల బాగోగులు చూడ్డానికి ఒక మనిషి ఉండాలని సర్కారు షరతు. ఆ మనిషిని నేను. కాగితాల మీద నా పేరు ఓబుళమ్మ. ఊళ్ళో అందరికీ పురుగులక్కను. మొదటి ఏడు ఆ పిలుపుకు కోపం వచ్చేది. రెండో ఏడు పలకడం మొదలుపెట్టాను. పోయిన ఏడు ఏదో రసీదు మీద ‘పురుగులక్క’ అని సంతకమే చేశాను.

మా ఆయన పోతూ పోతూ నాకు వదిలిన ఆస్తి రెండు. ఒకటి రేడియో, రెండోది వాళ్ళమ్మ. రేడియో నోరు ఎప్పుడో మూతపడింది.

మా అత్త సుంకమ్మకు డెబ్బై తొమ్మిదేళ్ళు. గవిలో రెండు శాలలున్నాయి. మీదిశాలలో వంట, నిద్ర. మెట్లు దిగి వెళితే కిందిశాల. గవి మొత్తంలో చల్లని చోటు అదే. పొద్దున సంగటి తిన్నాక ముసలీ ముతకా అంతా అక్కడికి దిగి మధ్యాహ్నం కునుకు తీస్తారు. మా అత్త అయితే సాయంత్రం పగటిదీపాలు ఆర్పి రాత్రివి వెలిగించేదాకా పైకి రాదు. మంచం వేస్తానంటే ఒప్పుకోదు. నేల మీద బొంత పరుచుకుని, “మంచం మీద పండుకుంటే నా నడుము నాది గాదు” అంటుంది.

ఇవాళ ఒక పెద్ద పని జరిగింది. కిందిశాల చివర మనిషి అడ్డంగా దూరేంత సందు ఒకటుంది. అది బయట ఎండిన వాగులోకి, మా వంకలోకి, తేలుతుంది. చల్లగాలి బరువు కదా, ఎండాకాలమంతా గవిలోని గాలి కిందికి జారి ఆ సందులోంచి బయటికి పోతూ ఉంటుంది. అది పోయే కొద్దీ పెద్దవాకిలి నుంచి కొత్తగాలి లోపలికి వస్తుంది. పోయిన ఏడు ఆ సందులోంచే బొద్దింకలు బారులు తీరి వచ్చి మా గవి కీచురాళ్ళ గుడ్లన్నీ మెక్కేశాయి. ఈ కీచురాళ్ళు పాపం కూయవు. రెక్కలే లేనివి దేంతో కూస్తాయి? మీసాలు మాత్రం ఒంటికి నాలుగింతలు. చీకట్లో ఆ మీసాలతోనే గోడలు తడుముకుంటూ బతుకుతాయి. వాటి తరఫున నేను కూసి కూసి, ఏడు ఉత్తరాలు రాసి, ఆ సందుకు సన్నజాలీ సంపాదించాను.

జాలీ బిగించడానికి దస్తగిరి వచ్చాడు. గవిలో గాలి, కరెంటు, మీటర్లు అతని పని. మనిషి ఆరడుగులు. కీచురాయి కనపడితే మూడడుగులు.

“అక్కా, ముక్కుకు గుడ్డ కడతాండావే గవికి,” అన్నాడు, కళ్ళు సగం మూసుకుని మరలు తిప్పుతూ.

“గుడ్డ గాదప్పా, జాలీ. గాలి పోతాది, బొద్దింక పోదు.”

“నువ్వు చెప్తే సరే,” అన్నాడు. నేను చెప్పాను. అంతా సరే.

దిగినాక 17వ రోజు

కిందిశాలలో బొద్దింకలు లేవు. తగ్గడం కాదు, ఒక్కటి కూడా లేదు. మూడు రోజులుగా రాళ్ళ కిందంతా వెతికాను.

వంటశాల పెద్ద కుళ్ళాయమ్మ గిన్నెడు సేమియా పాయసం తెచ్చి నా ముందు పెట్టింది. “మా నాయన చెవిలో బొద్దింక దూరుతాదని రోజూ దూది పెట్టుకుని పండుకునేటోడు. ఇప్పుడు దూది అక్కర్లేదు, నీ పుణ్యాన,” అంది. పుణ్యం నాదే అన్నట్టు గిన్నె ఖాళీ చేశాను.

ఇవాళ నెలవారీ తిరుగుడు. నీటిమడుగు మీద తెల్లపొడి చల్లినట్టు ఉండే పురుగులు బాగున్నాయి. కడుపు కింద స్ప్రింగులాంటి కర్ర మడిచి పెట్టుకుంటాయి. చిటికేస్తే చాలు, ఆ కర్ర విదిలించి జానెడు ఎగురుతాయి. గబ్బిలాల రెట్టలో బతికేవి ఊరంత పెరిగాయి. వాటికి తిండి, ఇల్లు, పొరుగు అంతా ఆ కుప్పే. పైకప్పు చీల్చుకుని వేలాడే తుమ్మవేళ్ళ మీద రసం పీల్చే చిన్న పురుగులు తొమ్మిది కనిపించాయి. అవి తెల్లగా, పలచగా ఉంటాయి. జోడు కావాలనుకున్నది ఒళ్ళు వణికించి వేరును అదిలిస్తుంది. ఆ వణుకు వేరు వెంట పోయి ఎక్కడో ఉన్న రెండోదానికి అందుతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పెళ్ళి కుదిరిపోతుంది. మా కాలంలోనూ దాదాపు అంతే.

కళ్ళులేని పెంకుపురుగు మాత్రం కనపడలేదు. అది కనపడదు కూడా. ఈ గవికి అసలు దొర అదే. తేనెరంగు ఒళ్ళు, దారాల్లాంటి కాళ్ళు, కళ్ళుండాల్సిన చోట నున్నటి పెంకు. వెలుగే లేని చోట కళ్ళు పెంచడం దండగని ఎన్నో తరాల కిందటే వదిలేసుకుంది. ఏడాదికోసారి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ దాని ఒంట్లో సగమంత. తొందర అనేది దాని వంశంలో లేదు. అది ఉండేది శాలల్లో కాదు, గోడల వెనక సన్నటి నెర్రెల్లో. అక్కడికి చేరాలంటే రెండు గంటలు పొట్ట మీద పాకాలి. చేరాక పావుగంట దాటి ఉండకూడదని నియమం. అక్కడ గాలి కదలదు, బరువుగా ఉంటుంది. పది నిమిషాలకే నా ఎడమ కనుబొమ్మ మీద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు నొప్పి మొదలవుతుంది. ఇది నాకు ఎనిమిదో వేసవి. ఇన్నేళ్ళలో నేను చూసినవి ఐదు.

దిగినాక 24వ రోజు

మధ్యాహ్నం మా అత్త అరుపు మీదిశాల దాకా వినిపించింది.

“ఓబుళమ్మా! మీ సుట్టాలొచ్చినారు, రా!”

పరుగెత్తాను. ఆమె బొంత అంచు మీద, దర్జాగా మీసాలు ఊపుతూ, కళ్ళులేని పెంకుపురుగు.

రెండు గంటలు పాకి చూడాల్సిన దొర మా అత్త పక్కలోకి తనంతట తానే వచ్చాడు!

“అత్తా, కదలొద్దు.”

“నేనేం కదుల్తా. దాన్ని కదలొద్దని చెప్పు.”

“ఇదెవురో తెలుసా? లోకంలో ఈ ఒక్క గవిలోనే ఉంటాది.”

“లోకంలో ఈ ఒక్క బొంత దొరికిందా దానికి?” అంది. తర్వాత తలగడ కిందికి చూపించి, “ఆడ ఇంగోటి ఉండాది. దానికీ వరస కలిపి మర్యాదలు చెయ్యి,” అంది.

రెండు! ఒకే రోజు! జాలీ వల్లనే. బొద్దింకల పీడ పోయింది కాబట్టి లోపలివి ధైర్యం చేసి బయటికి వస్తున్నాయి. ఇంకేం కారణం ఉంటుంది?

సాయంత్రం కిందిశాలలో ఊరి సమావేశం జరిగింది. ఈశ్వరప్ప గారు మా పెద్ద. ఆయన రాయి ఎక్కి నిలబడి మాట్లాడతారు, మేము నేల మీద కూర్చుని వింటాం. ఇవాళ నీళ్ళ వంతుల గురించి మాట్లాడుతుంటే సగం ఊరు ఆవలించింది, పావు ఊరు నిద్రపోయింది. ఆయన ఒక్కరే హుషారుగా ఉన్నారు. గంటన్నర మాట్లాడారు.

దిగినాక 29వ రోజు

నా జీవితంలో ఇంత మంచి వారం లేదు. ఐదు రోజుల్లో పెంకుపురుగులు పదిహేడు. తుమ్మవేళ్ళ పురుగులు కిందిశాల గోడల మీదే కనపడుతున్నాయి. నేను పేరు కూడా ఎరగని తెల్లటి పురుగు ఒకటి, మూడు తోకలది, మెట్ల మొదట్లో తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. జిల్లా ఆఫీసుకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ‘మా సంరక్షణ చర్యల ఫలితంగా’ అన్న మాట అందులో మూడు చోట్ల వచ్చింది. రెండు చోట్ల కొట్టేసి, ఒకటి ఉంచాను.

ఊళ్ళో తలనొప్పులు ఎక్కువయ్యాయి. నర్సు ఎలీషమ్మ దగ్గర మాత్రలు సగం అయిపోయాయట. కొందరు కొత్త గోంగూర పచ్చడిని తిట్టారు. చాలామంది ఈశ్వరప్ప గారి ఉపన్యాసాలను తిట్టారు. దస్తగిరి కిందిశాల గాలిమీటరు చూపించాడు. మెట్ల పక్కన, అందరికీ కనపడేలా, మనిషి తల ఎత్తున పెట్టారు దాన్ని. పచ్చగా వెలుగుతోంది.

“గాలి బాగానే ఉండాదక్కా. మనుసులే పాతబడినారు,” అన్నాడు.

కుళ్ళాయమ్మ పాయసం వెనక్కి తీసుకునేలా ఉంది. వంటశాల నిండా బొద్దింకలట, ఎప్పుడూ లేనన్ని. “కింద లేవని సంబరపడితిమి. అన్నీ మెట్లెక్కి నా ఉప్పుజాడీ కాడికొచ్చినాయి,” అని మొత్తుకుంది. బొద్దింకలకు నా శాఖ వర్తించదని చెప్పాను.

మా అత్త నాలుగు రోజులుగా నన్ను తిట్టడం లేదు. పురుగులు పక్కలోకి వచ్చినా చేత్తో అవతలికి తోసి మళ్ళీ పడుకుంటోంది. ఎట్టకేలకు ఆమెకు కూడా వీటి మీద మమకారం పుట్టినట్టుంది.

దిగినాక 31వ రోజు

ఇప్పుడు రాత్రి తొమ్మిది. ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

మధ్యాహ్నం రెండున్నరకు బొమ్మలు గీసుకుందామని కిందిశాలకు దిగాను. ముప్పై ఎనిమిది మంది నిద్రలో ఉన్నారు. మా అత్త కాళ్ళ దగ్గర నాలుగు పెంకుపురుగులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఇన్నాళ్ళూ నిలబడి, నడుస్తూ చూసి పోయేదాన్ని. ఇవాళ నేల మీద చతికిలబడి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తల వంచి గీయడం మొదలుపెట్టాను.

మొదటిదానికి మీసాలు గీశాను. రెండోదానికి కాళ్ళు గీస్తుండగా ఎడమ కనుబొమ్మ మీద నొప్పి మొదలైంది.

ఆ నొప్పి నాకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా తెలుసు. అది గోడల వెనక నెర్రెల్లో వచ్చే నొప్పి. నెర్రెల్లో తప్ప ఇంకెక్కడా రాని నొప్పి.

పెన్సిలు ఆగిపోయింది. పురుగులు మా సంరక్షణ చూసి ముచ్చటపడి రాలేదు. వాటి గాలి మా శాలలోకి వచ్చింది, దాని వెంట అవి వచ్చాయి. కదలని గాలి, బరువైన గాలి, మోకాలెత్తున నిండిన గాలి. వాటికి అది ఇల్లు. మాకు గొయ్యి.

“అత్తా!”

పలకలేదు. భుజం పట్టి ఊపాను. తల ఒక పక్కకు వాలిపోయింది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

తర్వాత ఏం చేశానో వరసగా గుర్తులేదు. బొంత రెండు మూలలు పట్టుకుని ఆమెను మెట్ల మీదికి ఈడ్చాను. సుంకమ్మ బరువైన మనిషి కాదు, కానీ ఇవాళ గుండురాయి కట్టినట్టు ఉంది. ఒక్కో మెట్టుకు “లెయ్ అత్తా, తిట్టు అత్తా” అని అరిచానట. కుళ్ళాయమ్మ తర్వాత చెప్పింది. ఆ అరుపులకే మీదున్నవాళ్ళు దిగి వచ్చారు. “నిలబెట్టండి! ఎవురినీ కూసోనీయొద్దండి! నిలబెట్టి మీదికి తోలుకపోండి!” అన్నాను. ముప్పై ఏడు మందిని లేపారు. కొందరు నడిచారు, కొందరిని మోశారు. కుళ్ళాయమ్మ వాళ్ళ నాయనను ఆమే వీపున వేసుకుని ఎక్కింది.

దస్తగిరి గోడ మీటరు ఊడబీకి, తాడు కట్టి నేల మీదికి దించాడు. పచ్చ వెలుగు నడుము దగ్గర పసుపైంది. మోకాలి దగ్గర ఎర్రబడి మొత్తుకోవడం మొదలుపెట్టింది. అతను దాన్ని చూసి, నన్ను చూసి, మెట్టు మీద కూలబడ్డాడు. మళ్ళీ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

గాలి పోయే సందు మూసుకుపోయి, మేం వదిలిన ఊపిరంతా కిందనే పేరుకుందని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. లోపలి నుంచి దాని దగ్గరికి పోలేం. పొద్దు వాలగానే చల్లకోట్లు తొడుక్కుని బయటి నుంచి వంకలోకి దిగాం. నలభై ఆరు డిగ్రీలు. రాళ్ళు పెనాల్లా ఉన్నాయి.

జాలీ కనపడలేదు. జాలీ ఉండాల్సిన చోట బూడిదరంగు గొంగడి ఉంది. ముట్టుకున్నాను. మెత్తగా, బొటనవేలంత మందంగా ఉంది. మూడు వందల మంది బట్టలు దులుపుకున్న నూగు, బొంతల దూది, రాలిన వెంట్రుకలు. గాలితోపాటు బయటికి పోవాల్సినదంతా నా జాలీకి అడ్డుపడి పొర మీద పొర పేరుకుంది. ఊరంతా కలిసి ఇరవై రెండు రోజుల్లో నేసిన గొంగడి అది. మగ్గం నాది.

“పక్కకు నిలబడక్కా, లోపలి గాలి మొకాన కొడతాది,” అన్నాడు దస్తగిరి. ఇద్దరం చెరో పక్క నిలబడి కత్తితో కోశాం. జాలీ ఊడగానే గవి ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలింది. చల్లటి గాలి మా మధ్య నుంచి వంకలోకి దూకింది. దాని వెనకే కీచురాళ్ళు. చీకటి పడగానే మేతకు బయటికి పోయేవి ఇన్నాళ్ళూ జాలీ వెనక చిక్కుకుని ఉన్నాయి. వందలు. సగం దస్తగిరి మీద పడ్డాయి. తల మీద, మెడ మీద, చల్లకోటు లోపల.

అతను కదల్లేదు. కళ్ళు మూసుకుని, కత్తి పట్టుకుని, అన్నీ పోయేదాకా అట్లాగే నిలబడ్డాడు. నేను నవ్వాలి కదా. నవ్వు రాలేదు.

మేము తిరిగొచ్చేసరికి మా అత్త ఆక్సిజన్ ముసుగులో ఉంది. ఎలీషమ్మ రెండు వేళ్ళు నాడి మీద పెట్టి, “ఉంది,” అంది. అంతే అంది.

దిగినాక 32వ రోజు

పొద్దున పదింటికి మా అత్త కళ్ళు తెరిచింది. ముసుగు లాగేసి, చుట్టూ చూసి, “నా బొంత యాడ?” అంది. ఎలీషమ్మ నన్ను బయటికి పంపించింది. రోగి ముందు అంతగా ఏడవకూడదట.

దిగినాక 34వ రోజు

సమావేశం మీదిశాలలో జరిగింది. ఈశ్వరప్ప గారు ఎప్పుడూ లేనిది మూడే వాక్యాలు మాట్లాడారు. ఎవరూ చనిపోలేదు, సందు నూగుతో మూసుకుపోయింది, దేవుడు కాపాడాడు.

జాలీ ఎవరడిగారో ఆయనకు గుర్తులేదు. ఎవరికీ గుర్తులేదు. దస్తగిరికి, నాకు తప్ప.

అతనే ముందు లేచాడు. “మీటరు తల ఎత్తున పెట్టింది నేను. జాలీ బిగించింది నేను. తప్పు నాది.”

మధ్యాహ్నమే నాతో అన్నాడు: “నువ్వు మాట్లాడొద్దక్కా. నేనైతే ఇంకో ఊర్లో పని చూసుకుంటా. నువ్వు ఈ పురుగుల్ని ఇడిసిపెట్టి బతకలేవు.” ఆ మాట నిజం. అందుకే కాసేపు కూర్చునే ఉన్నాను. ఎంతసేపో రాయాలంటే సిగ్గుగా ఉంది.

తర్వాత లేచాను.

“జాలీ నేనడిగినా. ఏడు ఉత్తరాలు రాసి అడిగినా. బిగించేటప్పుడే దస్తగిరి గవి ముక్కుకు గుడ్డ కడతాండావన్యాడు, నేనే ఇనలే. బొద్దింకలు కింద నుంచి పారిపోతే నా గొప్ప అనుకున్యా. లోపలి పురుగులు బయటికొస్తే నా గొప్ప అనుకున్యా. ఆ పురుగులు యాడ బతుకుతాయో, ఆ గాలి ఎట్లుంటాదో ఈ ఊర్లో తెలిసింది నాకొక్కదానికే. తెలిసి గూడా సంబరపడినా.”

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండు. కుళ్ళాయమ్మ మాత్రం నెమ్మదిగా, “మా నాయన గూడా ఆడే పండుకున్యాడు గదక్కా,” అంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

వెనక నుంచి ఎవరో లేచి, మందు కొట్టి గవిలో పురుగనేదే లేకుండా చెయ్యాలన్నారు. ఇంకొకరు పురుగుల ఉద్యోగమే తీసేయాలన్నారు. తలలు ఊగాయి.

అప్పుడు మా అత్త గొంతు వచ్చింది. ఎలీషమ్మ వద్దన్నా వినకుండా గోడ పట్టుకుని వచ్చి నిలబడింది.

“మందు కొడతారా? ఆ పచ్చదీపం నెల దినాలు నన్ను చూస్తానే ఉండాది. ఒక్క మాట చెప్పలే. ఆ గుడ్డి పురుగులే వచ్చి చెప్పినాయి.”

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే నా ఉద్యోగం అప్పుడే నిలబడేది. కానీ ఆమెకు కూడా అబద్ధం చెప్పినట్టవుతుంది. “అవేం చెప్పలేదత్తా,” అన్నాను. “వాటి సుఖం అవి చూసుకున్యాయి. అర్థం చేసుకోవాల్సింది నేను.”

“సరే. ఇప్పుడన్నా అర్థమయింది గదా?”

“అయింది.”

“అయితే ఇంగో మనిషిని పెడితే, వాళ్ళకు అర్థమయ్యేదానికి ఇంగో ముసల్ది గావల్లనా?” అని సభ వైపు తిరిగింది. “ఈమెను నేను ముప్పై ఏండ్లుగా సూస్తాండా. ఒక్కో మాట బుర్రకెక్కడానికి పదేండ్లు పడతాది. ఎక్కిందంటే దిగదు.”

ఎవరో ముందు నవ్వారు. కుళ్ళాయమ్మ నవ్వలేదు, కానీ చెయ్యి ఎత్తింది. ఆమెను చూసి మిగతావాళ్ళు ఎత్తారు. అందరూ కాదు. సరిపోయేంతమంది.

తీర్మానాలు: జాలీ ఉండదు. మీటర్లు చీలమండ ఎత్తున, మోకాలెత్తున, తల ఎత్తున ఉంటాయి. సందు దగ్గర నూగు వారానికోసారి నేనే తీయాలి. ఏ పురుగు ఎక్కడ కనపడిందో రోజూ పలక మీద రాసి పెట్టాలి, అది గాలి గురించి ఏం చెబుతుందో కూడా రాయాలి. జిల్లా ఆఫీసుకు ఇంకో ఉత్తరం రాశాను. ఇది ఒక్క పేజీ.

దిగినాక 36వ రోజు

కిందిశాలలో ఇప్పుడు కొత్తగాలి ఆడుతోంది. మనుషులకు ప్రాణం లేచి వచ్చింది. కానీ పొద్దున మీటరు చూడ్డానికి దిగితే, బండ పక్కన ఒక పెంకుపురుగు వెల్లకిలా పడి ఉంది. ఇంకో నాలుగు గోడ వారన కదల్లేక కదులుతున్నాయి. వీటి పెంకు పలచన. తడిగాలిలో తప్ప బతకలేవు. ఆరిన గాలిలో గంటల మీద ఎండిపోతాయి. దారి మరిచి, నెర్రెలు దొరక్క, శాల మధ్యలో చిక్కుకుపోయాయి.

వాటినీ నేనే పిలిచినట్టు కదా.

తడిగుడ్డ ముక్కలు చేసుకుని ఏరడం మొదలుపెట్టాను. బాగా ఒంగితే తప్ప కనపడవు. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. మా అత్త ఎలీషమ్మ కళ్ళుగప్పి దిగి వచ్చింది.

“ఏం పోగొట్టుకున్యావు?”

చెప్పాను. ఆమె కాసేపు నిలబడి చూసింది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా కూర్చుంది. నేను గబగబా మీటరు చూశాను. చీలమండ దగ్గర కూడా పచ్చగానే ఉంది.

“నాకూ ఒక గుడ్డ ఇయ్యి,” అంది.

ఇద్దరం పన్నెండు ఏరాం. ఆమె చూపు ఆనదు. వేళ్ళతో నేల తడుముకుంటూ, పట్టుకున్నప్పుడల్లా “ఇదో” అంటూ నాకు అందించింది. ఒకదాని పొట్ట ఉబ్బి ఉంది.

“దీనికేమైంది?”

“గుడ్డు ఉండాది. ఏడాదికి ఒకటే.”

“ఒకటేనా?” ఆమె దాన్ని నాకివ్వలేదు. తడిగుడ్డలో చుట్టి అరచేతిలో పెట్టుకుంది.

గోడ మూలలో నెర్రె మొదలయ్యే చోటికి తీసుకుపోయాను. అక్కడ రాయి చెమ్మగా ఉంది. పదకొండింటిని ఒక్కొక్కటిగా వదిలాను. మా అత్త తనది తానే వదిలింది. అది వెంటనే పోలేదు. మీసాలు చాచి ఆమె చూపుడువేలును గోరు నుంచి కణుపు దాకా తడిమింది. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంది. అది చాలాసేపు తడిమి, వేలు దిగి, రాతిలోకి పోయింది.

“నాకొక్కడే కొడుకు,” అంది మా అత్త, నెర్రె వైపు చూస్తూ.

“ఔ.”

ఆయన పోయిన ఈ ఎనిమిదేళ్ళలో మా ఇద్దరి మధ్య ఆయన మాట వచ్చింది ఇదే మొదలు.

కాసేపటికి “లేపు,” అంది. చెయ్యి ఇచ్చాను. లేచి నిలబడింది. మెట్లన్నీ ఎక్కి మీదిశాల చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.